జాతి, తెగ, కులం: మన పేరు ఏ గడిలో?

ఎత్నిసిటీ అనే ఇంగ్లీషు మాటకు తెలుగు చెప్పమంటే కొందరు జాతి అంటారు, కొందరు తెగ అంటారు. సాహిత్య సభల్లో అస్తిత్వం అనే మాట బాగా వినబడుతోంది. ఇవి మూడూ ఒకటి కావు. మన పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం, మన గురించి మనం రాసుకునేవాళ్ళం ఈ మాటలను అందిందల్లా తీసుకుని వాడకుండా, ఒక్కొక్కటి విప్పి చూడాలి.

తెలుగులో జాతి అనే మాట మోయని బరువు లేదు. దేశమంటే జాతి, అందుకే జాతీయ జెండా, జాతిపిత. కోళ్ళలోనూ ఎడ్లలోనూ జాతులే. తగువొస్తే "మీ జాతే అంత" అన్న తిట్టూ అదే. పాఠంలో "కోయ జాతి" అని కనబడినప్పుడు ఆరో తరగతి పిల్లకు దేశానికి వాడే జాతి గుర్తొస్తుందా, కోడికి వాడే జాతి గుర్తొస్తుందా? తెగ సంగతీ అంతే. తెగ అంటే రకం, విభాగం. దేనిలో విభాగమో ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు మాట మాత్రం శుద్ధమైనదేమీ కాదు. గ్రీకులో ఎత్నోస్ అంటే జనం. అదే ఇంగ్లీషులోకి వచ్చి చాలాకాలం 'మన మతం కానివాళ్ళు' అనే అర్థంలో నడిచింది. అంటే పుట్టినప్పటి నుంచీ అది ఎదుటివాళ్ళను చూపించే వేలు.

ఇక కులం. బడిలో చేర్పించే రోజు రిజిస్టరులో కులం అనే గడి ఉంటుంది, అందులో కోయ అనో కొండరెడ్డి అనో రాస్తాం. మండలాఫీసులో ఇచ్చే కాగితాన్ని మనవాళ్ళందరూ కులం సర్టిఫికెట్టే అంటారు. కులం అంటే ఒకరి మీద ఒకరుండే మెట్లు. మనం ఆ మెట్ల మీద పుట్టలేదు. మనలో గట్లున్నాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని లెక్క. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ముల వరస, పిల్లనిచ్చుకోరు. కొత్త మనిషి ఇంటికొస్తే గట్టు, ఇంటిపేరు, వేల్పు తెలిస్తే చాలు, మామ అవుతాడో అన్న అవుతాడో తేలిపోతుంది. పెద్ద చిన్న తేల్చడానికి కాదు, వరస తేల్చడానికే ఆ లెక్క. ఎత్నిసిటీ అంటే ఏమిటని అడిగితే మనం చూపించగలిగింది ఇదీ, మన మాటా.

మనం మనల్ని కోయతోర్ అంటాం. ఉత్తరాన గోండులు కూడా దాదాపు ఇదే పేరు, కోయితూర్, చెప్పుకుంటారు. అర్థం మనుషులని. గోండు అన్నది బయటివాళ్ళు పిలిచిన పేరు. సవరలు కూడా తమను సొర అనే చెప్పుకుంటారు. బయటి పేరు ఎంత దూరం పోతుందంటే, పట్నం వీధుల్లో ఈకలు పెట్టుకుని మూలికలమ్ముతూ జోస్యం చెప్పేవాణ్ణి కోయదొర అంటారు. సినిమాల్లోనూ ఆ వేషమే. ఆ వేషాన్ని మన ఊళ్ళలో ఎవరూ వేసుకోరు.

ప్రభుత్వం మాటలూ చూద్దాం. గిరిజనులు అంటే కొండల మీది జనం. మరి గోదావరి ఒడ్డున వరి పండించే కోయలు ఏ గిరి మీద ఉన్నారు? 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగను గుర్తించడానికి పెట్టిన గుర్తుల్లో ఆదిమ లక్షణాలు, బయటివాళ్ళతో కలవడానికి బిడియం, వెనుకబాటు ఉన్నాయి. బిడియం ఒక జనానికి గుర్తింపు ఎలా అవుతుందో మాకు ఇప్పటికీ అర్థం కాదు. చెంచులను, కోలాములను 'ఆదిమ' తెగలన్న జాబితాలో పెట్టారు. ఆ మాటను 2006లో మార్చారు కానీ ఆఫీసుల్లో నోట్లోంచి ఇంకా పోలేదు. రాజ్యాంగ సభలో 1948లో జైపాల్ సింగ్ ముండా ఇదే తగువు పెట్టుకున్నాడు. హిందీలో బన్‌జాతి అని రాస్తున్నారెందుకు, ఆదివాసి అని ఎందుకు రాయరని అడిగాడు. ఆ మాట రాజ్యాంగంలోకి రాలేదు. అందుకే మనం దాన్ని మన సంఘాల పేర్లలో, మన పుస్తకాల అట్టల మీద రాసుకుంటున్నాం.

మాటల గురించి ఇంత పట్టింపు ఎందుకని కొందరు మాస్టర్లు అడుగుతారు. గొత్తికోయల సంగతి చూస్తే తెలుస్తుంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తరు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇటు అడవుల్లోకి వచ్చాయి. వాళ్ళలో చాలామంది అక్కడ మురియాలు, షెడ్యూల్డ్ తెగ. ఇక్కడ గొత్తికోయ అన్నది మన వైపువాళ్ళు, అధికారులు పెట్టిన పేరు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. కాబట్టి వాగు దాటగానే వాళ్ళ తెగ కాగితం చెల్లలేదు. భాషలో చాలా మాటలు కలుస్తాయి, వేల్పులను కొలిచే తీరు కలుస్తుంది, గుర్తింపు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

ఇందులో తప్పంతా ప్రభుత్వానిదే అనడం సులువు. పోడు భూమి దగ్గర, అడవి దగ్గర మన ఊళ్ళవాళ్ళు కూడా "వాళ్ళు మనవాళ్ళు కాదు" అంటున్నారు. వరస కలుపుకునే పద్ధతి ఉన్నవాళ్ళమే, ఈ ఒక్కచోట మండలాఫీసు భాష మాట్లాడుతున్నాం. భూమి తక్కువ, నిజమే. ఆ భయాన్ని తీసిపారేయలేం. కానీ భూమి తగువును భూమి తగువుగానే మాట్లాడాలి, దానికి తెగ పేరు తగిలించకూడదు.

బడిలో ఆ పిల్లలు చేరినప్పుడు గడిలో గొత్తికోయ అని రాసేస్తున్నారు, కొన్నిచోట్ల ఖాళీగా వదిలేస్తున్నారు. ముందు ఆ తల్లినో తండ్రినో వాళ్ళ మాటలోనే "మిమ్మల్ని మీరేమని చెప్పుకుంటారు" అని అడగండి. మురియా అంటే మురియా అని, కోయతోర్ అంటే కోయతోర్ అని రాయండి. ఆఫీసు ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని పక్కన రాసి, అక్కడి నుంచి అర్జీ పెట్టండి.