సంగటి ముద్దకు కొలువు

సీమలో ఏ నోటికీ ఊరికే కూడు పెట్టరు. ఎద్దు దున్నాలి, బర్రె పాలియ్యాలి, కోడి గుడ్డన్నా పెట్టాలి, లేదా పండగనాడు పులుసులోకన్నా దిగాలి. ఎండాకాలం సెలవుల్లో పల్లెకు పోయిన పిల్లలైనా సరే, బుడ్డలు ఒలిచాకే ఆటకు పోవాలి. కాబట్టి హంద్రీ గట్టున దొరికిన కుక్కపిల్లను మా పిల్లలు తువ్వాలులో చుట్టి తెచ్చిన రోజు మా అత్త దాని జాతి అడగలేదు, రంగు చూడలేదు. కళ్ళద్దాలు సర్దుకుని నన్ను ఒకటే అడిగింది.

"ఏమ్మే, ఇది ఏం పని చేస్తాది?"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే జవాబు లేదు. పదడుగుల గేటు, దానికి తాళం, వీధి మొదట్లో సీసీ కెమెరా ఉన్న కాలనీలో కుక్కకు ఏం పని ఉంటుంది?

అత్త పుట్టిల్లు మిడుతూరు వైపు. రోళ్ళపాడు అక్కడికి దగ్గరే. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డి బీళ్ళు అవి. పిట్ట పేరు పేపర్లలో వస్తుంది గానీ, ఆ బీళ్ళలో తోడేళ్ళు కూడా ఉన్నాయి. అత్త చిన్నప్పుడు పొలాల్లో గొర్రెల మందలు తోలేవాళ్ళు. రాత్రంతా మంద చేలో పడుకుంటే ఎరువు రైతుకు, గింజలో డబ్బులో కాపరికి. మంద చుట్టూ తిరిగేది కుక్క. పగలు చెట్టు కింద నిద్ర, పొద్దుగూకితే డ్యూటీ. తోడేలు వాసన తగిలితే కాపరి కంటే ముందు అదే లేచేది. జీతం మాపటేళ ఒక సంగటి ముద్ద. అది ఎవరో దయతలచి వేసేది కాదు, కూలీ. కూలీ ఎగ్గొడితే కుక్క ఇంకో మందకు పోయేదట.

ఈ కూలీ ఒప్పందం ఇప్పటిది కాదు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కుక్కల, తోడేళ్ళ జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు కాపీలుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయట. అంటే మనిషి పొయ్యి పక్కన కాపలా కాసి, వాడు తినే గింజే తిని అరిగించుకోగలిగింది కుక్కగా నిలిచింది. తినలేనిది రోళ్ళపాడు బీళ్ళలో ఉండిపోయి, మంద మీద పడటానికి వస్తోంది. రాత్రిపూట మంద దగ్గర ఎదురుపడేది దాయాదులే.

మా బుడ్డి ఈ చరిత్రలో ఎక్కడా ఇమడదు. పేరు పిల్లలు పెట్టిందే, బుడ్డల పొట్టు రంగులో ఉందని. వచ్చిన కొత్తలో పెరట్లో మూలన పడేసిన రుబ్బురోలు వెనక దూరింది. తిండి పెడితే చూడదు, అందరం పడుకున్నాక నీళ్ళు తాగుతుంది. పిల్లలు దాని ముందు గొంతుక్కూర్చుని "బుడ్డీ, బుడ్డీ" అని చేతులు చాపడం, అది ఇంకో జానెడు వెనక్కి జరగడం. పశువుల డాక్టరు చెప్పింది చిన్న మాటే: కళ్ళలోకి చూడొద్దు, మీదికి వంగొద్దు, పిలవొద్దు, మీ పని మీరు చేసుకోండి. వీధిలో పెరిగిన పిల్లకు ఇల్లు అలవాటు కావడానికి వారాలు పడుతుందట, అసలు గుణం బయటపడటానికి నెలలు.

ఇంట్లో ఈ వైద్యం తు.చ. తప్పకుండా చేసింది మా అత్త ఒక్కతే. ఆమెకు కుక్క మీద ఆసక్తి లేదు కదా. ఓ సాయంత్రం వరండాలో కాళ్ళు చాపి, చాటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. చాట ఊపినప్పుడల్లా పొట్టు లేచి ఎండలో మెరుస్తోంది. బుడ్డి రోలు వెనక నుంచి పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చింది. అత్త కాలి బొటనవేలిని వాసన చూసింది, మెట్టెను వాసన చూసింది, గాల్లో ఎగిరిన పొట్టు ముక్కుకు తగిలి తుమ్మింది. అత్త తల తిప్పలేదు. "పో అవతలికి" అని కూడా అనలేదు. కాసేపటికి అది ఆమె చీర అంచు పక్కన ముడుచుకుని పడుకుంది. కిటికీలోంచి చూస్తున్న మా పెద్దదానికి కడుపుమంట. ఇన్నాళ్ళూ బిస్కెట్లు పెట్టింది తను మరి.

అంతమాత్రాన అత్త మెత్తబడిందనుకోకండి. గడప దాటనివ్వనన్నది. మా చిన్నోడు పూజగదిలోంచి దత్తాత్రేయుని పటం తెచ్చి, ఆయన కాళ్ళ దగ్గరున్న నాలుగు కుక్కల్ని చూపించాడు. "జేజీ, దేవుడే పెట్టుకున్నాడు గదా?"

"ఆయనింట్లో ఊడ్చేది ఎవరో నాకు తెల్దు గానీ, ఈడ ఊడ్చేది మీ అమ్మ" అంది అత్త. ఈ తీర్పు మీద నేను అప్పీలుకు పోలేదు. బుడ్డికి వరండా ఖాయమైంది.

మా వరండాలో పరిచింది కడప బండలు. మే నెలలో కర్నూల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, పట్టేది అరికాళ్ళకే. మిగతా వేడంతా నాలుక చాచి రొప్పి వదలాలి. నీడలోని బండ చల్లగా ఉంటుంది, దాని మీద బుడ్డి నాలుగు కాళ్ళూ చాపి అతుక్కుపోతుంది. అదే బండ ఎండలో ఉంటే పెనం. బయట తారు రోడ్డూ అంతే. అరచేతిని బోర్లించి రోడ్డు మీద ఆనించి అయిదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను నడిపించకూడదు. కాబట్టి వేసవిలో తిప్పడమంటే పొద్దు పొడవకముందే, మళ్ళీ చీకటి పడ్డాకే. చక్కెర జబ్బుకు నడవమని డాక్టరు ఎంత చెప్పినా కదలని మా ఆయన ఇప్పుడు తెల్లారుజామున గొలుసు పట్టుకుని సి.క్యాంపు దాకా పోయొస్తున్నాడు. పని చేసేది ఎవరో, చేయించుకునేది ఎవరో మీరే చెప్పండి.

తిండి దగ్గర కర్నూలుకు ఒక చిక్కుంది. ఇది ఉల్లిగడ్డల ఊరు. మార్కెట్ యార్డు గేటు నుంచి మా వంటింటి దాకా అదే వాసన. ఉగ్గానిలో ఉల్లిగడ్డ, పులుసులో ఉల్లిగడ్డ, పచ్చిపులుసులోనూ అదే. కుక్కకు ఉల్లిగడ్డ విషం. అందులోని గంధకపు పదార్థాలు రక్తంలోని ఎర్రకణాల్ని చితకగొడతాయి, ఉడకబెట్టినా వాటి గుణం పోదు. ఉడికించిన కోడి బొక్కలూ పనికిరావు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. అంటే మనం తినగా మిగిలింది వేసే పాత పద్ధతికి ఇక్కడ దారి మూసుకుపోయినట్టే. బుడ్డికి విడిగా ఉప్పు లేని సంగటి, ఉడికించిన గుడ్డు, కాస్త మజ్జిగ. "కోడలికి కూడా ఇట్ల వేరే వండలేదు" అని అత్త అన్నప్పుడు నేను వినపడనట్టే ఉన్నాను.

ఇక టీకాల సంగతి. అత్తకు కుక్క మీదున్న అనుమానం వెనక ఒక భయం ఉంది. ఆమె తమ్ముణ్ణి చిన్నప్పుడు కుక్క కరిచింది, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. ఆ మందు గొర్రె మెదడులోంచి తీసేవాళ్ళు. 2005 నాటికి మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపేశారు, ఇప్పుడు భుజానికే వేస్తారు. కరిచిన వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా నీళ్ళతో కడగడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ మొదటి మందు. పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేసింది 1885 జులై 6న. ఆ తేదీకి మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. గొర్రెలూ దూడలూ వచ్చే ఆవరణలో ఆ ఒక్కరోజు పొమరేనియన్లూ వీధి కుక్కలూ ఒకే లైన్లో నిలబడతాయి.

వీధి కుక్కల మీద దేశమంతా వాదన నడుస్తోంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తన ముందటి ఉత్తర్వును సవరించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కల్ని పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ మీదపడి కరిచేవాటినీ వదలొద్దనీ చెప్పింది. దత్తత తీసుకున్నవాళ్ళు మళ్ళీ వీధిలోకి తోలకూడదనీ అన్నది. కరిపించుకునేది కార్లలో తిరిగేవాళ్ళు కాదు, నడిచి బడికి పోయే పిల్లలు. కుక్కల్ని ఇష్టపడేవాళ్ళం ఆ మాట గట్టిగా ఒప్పుకోవాలి. వీధిలో అన్నం పెట్టి ఫొటో తీసుకోవడం సులువు. ఆపరేషన్‌కు పట్టుకుపోవడానికి ఎంతమంది వస్తారో చూడాలి. బుడ్డికి ఆ ఆపరేషన్ చేయిద్దామంటే ఇంట్లో మొదట సరేనన్నది అత్తే. "ఈనితే ఎవురు సాకుతారు" అని.

మొన్నటిదాకా మొరగని బుడ్డి ఈమధ్య గొంతు విప్పింది. చూస్తే, తనకు తానే కొలువు వెతుక్కున్నట్టుంది. బడి ఆటో వేళకు గేటు కమ్మీల్లో మూతి పెట్టి నిలబడుతుంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని లోపలికి రానిస్తుంది గానీ, ఖాళీ బండ ఎత్తితే మాత్రం ఊరుకోదు. ఇంట్లోకి ఏం వచ్చినా ఫరవాలేదు, ఏదీ బయటికి పోకూడదు. మంద కుక్క రూలు ఇదేనేమో.

వచ్చే నెల ప్రొద్దుటూరులో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. పల్లెలో అయితే ఇంటికి గొళ్ళెం పెట్టి పోయేవాళ్ళం, కుక్కకు పది గడపలు ఉండేవి. ఇక్కడ దానికి ఉన్నది ఒకటే గడప, అది కూడా బయటివైపు నుంచి. ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండాలి. పిల్లలు ఒకరి వైపు ఒకరు చూపించుకుంటున్నారు, మా ఆయన నా వైపు చూపిస్తున్నాడు. అందరం చివరికి అత్త వైపు చూశాం.

"కుక్క కోసరం మనవరాలి పెండ్లి మానుకునే వంశం కాదు మాది" అని ఆమె అప్పుడే పట్టుచీర ఎండకు వేసింది.