పగిడిద్దరాజు ఊరి ఇప్పచెట్టు

ఈ వారం ఓ పెళ్లివిందులో జానీవాకర్ సీసా చూశాను. దాని మీద 1820 అని ఉంది. స్కాట్లాండ్‌లోని కిల్‌మార్నాక్‌లో జాన్ వాకర్ అనే కుర్రవాడు కిరాణా కొట్టు పెట్టిన ఏడాది అది. ఒక కొట్టు పుట్టిన తేదీ రెండు వందల ఏళ్లుగా భద్రంగా ఉంది. మా గంగారం కోయల ఇప్పసారా మాత్రం కేసు కాగితాల్లో తప్ప ఎక్కడా ఎక్కలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

స్కాట్లాండ్ కొండ రైతులూ ఒకప్పుడు దొంగచాటుగా సారా కాచినవాళ్లే. 1823లో చట్టం మారి, ఏటా పది పౌండ్లు, గాలన్‌కింత సుంకం కడితే కాచుకోవచ్చంది. మనకూ అలాంటి లైసెన్సు కావాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు అడిగానో మీకు తెలుసు.

చాలా ఏళ్ల కింద ఎండాకాలం మొదట్లో మా గంగారం మండలంలోని పూనుగొండ్ల వెళ్లాను. మేడారం జాతరకు పగిడిద్దరాజు దేవుడు కదిలేది ఆ ఊరినుంచే. ఇంకా తెల్లవారలేదు. ఒక అవ్వ ఇప్పచెట్టు కింద ఊడుస్తోంది.

"ఇంత పొద్దుగాల్నే ఎందుకవ్వా?"

"మట్టంటితే పువ్వు పాడైతది బిడ్డా."

పువ్వు రాత్రంతా రాలుతుంది, ఎండెక్కకముందే ఏరాలి. ఎండబెట్టి, కుండలో నానేసి, పులిసిందాకా రోజులు ఆగాలి. కాచేటప్పుడు పై గిన్నెలో నీళ్లు వేడెక్కగానే మార్చాలి, లేకుంటే ఆవిరి చల్లబడి చుక్కగా దిగదు. అవ్వ దగ్గర గడియారం లేదు. గిన్నె మీద అరచెయ్యి పెట్టి చూసేది. దిగిన మొదటి చుక్కలు పెద్దలకని నేల మీద పోసేది.

పెళ్లినుంచి వచ్చాక వాకర్ కంపెనీ కథ చివరిదాకా చదివాను. 1925లో డిస్టిల్లర్స్ కంపెనీలో కలిసింది. 1986లో దాన్ని గిన్నెస్ కొన్నది, 1997లో అదంతా డియాజియో అయింది. 2009లో కిల్‌మార్నాక్ ప్లాంటు మూసేస్తామంటే జనం వేలల్లో వీధుల్లోకొచ్చి వద్దన్నారు. 2012లో మూసేశారు. సీసా మీద మనిషి ఇంకా నడుస్తూనే ఉన్నాడు, పుట్టిన ఊళ్లో మాత్రం పని లేదు.

అందుకే ఇన్నాళ్లూ అడిగిన లైసెన్సు ఇక అడగను. లైసెన్సు వెనక కంపెనీ వస్తుంది, కంపెనీ చెట్టును వదిలి పోగలదు. ఇంటి వాడకానికి, దేవుడికి కాచుకునే కుండ మీద కేసు పెట్టొద్దు, అంతే. ఏరిన పువ్వుకు గిరిజన సహకార సంస్థ ఇంకాస్త మంచి ధర కట్టాలి.

ఆ పొద్దున అవ్వ ఊడవడం ఆపి, రాలిన పువ్వొకటి నా చేతిలో పెట్టింది. లేతపసుపు, తేమగా, తేనెంత తీపి.