పొరలు విప్పే తెర, పొరలు పోల్చే చెయ్యి

మర్దన నేర్చుకునేవారికి మొదటి అడ్డు చర్మమే. చెయ్యి ఆనేది చర్మం మీద, పని జరగాల్సింది దాని అడుగున. చర్మం కింద కొవ్వు, కొవ్వు కింద కండరాలను చుట్టి ఉండే పలుచని పొర, ఆ కింద ఒకదాని మీద ఒకటి పరుచుకున్న కండరాలు, వాటి సందుల్లో నాడులు, రక్తనాళాలు, అన్నిటికీ అడుగున ఎముక. ఎంత నొక్కితే ఏ పొర తగులుతుందో తెలియనివాళ్లు చేసేది ఒట్టి నూనె రాయడమే. శరీర నిర్మాణాన్ని బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్ ఈ అడుగు పొరలను కంటికి తెచ్చి, నేర్పేవారి పని తేలిక చేస్తుంది.

పొర పొరగా చూసి నేర్చుకోవాలన్న ఆలోచన మన దగ్గర పాతదే. సుశ్రుత సంహితలోని శారీరస్థానం ఇందుకు ఒక పద్ధతి చెప్పింది. శవాన్ని గడ్డితో చుట్టి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచాలి. తర్వాత వట్టివేరు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో నెమ్మదిగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క భాగాన్నీ కళ్లారా చూడాలి. ఐరోపాలో 1543లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసేలియస్ అచ్చు వేయించిన గ్రంథం కండరాలను వరుసగా తొలగిస్తూ బొమ్మలు గీసి చూపింది. కంప్యూటర్ కాలంలో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం చేపట్టిన విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టు 1994లో ఒక పురుష శరీరాన్ని, 1995లో ఒక స్త్రీ శరీరాన్ని పలుచని పొరలుగా కోసి తీసిన ఫొటోలను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పురుష శరీరాన్ని ఒక్కో మిల్లీమీటరు మందాన కోశారు. కంప్లీట్ అనాటమీ, విజిబుల్ బాడీ వంటి యాప్‌లు ఇప్పుడు అలాంటి చూపును ఫోన్‌లోకే తెచ్చాయి. జపాన్‌లో తయారైన బాడీపార్ట్స్ త్రీడీ నమూనాల ఆధారంగా రూపొందిన జెడ్-అనాటమీ ఉచితంగానే దొరుకుతుంది.

ఉచితం అన్న మాటకు రేగొండ వంటి చోట విలువ ఎక్కువ. పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలోని ఈ మండలానికి వరంగల్‌లో 1959 నుంచి నడుస్తున్న కాకతీయ మెడికల్ కాలేజీ, 2023లో మొదలైన భూపాలపల్లి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మరీ దూరమేమీ కావు. అయితే అక్కడి శవ పరిచ్ఛేదన గది వైద్య విద్యార్థుల కోసం. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో చదివేవారికి మర్దన చికిత్స ఐదున్నరేళ్ల డిగ్రీలో ఒక భాగం, శరీర నిర్మాణం అందులో పూర్తి స్థాయి పాఠం. కొద్ది నెలల శిక్షణతో మర్దన పనిలోకి దిగేవారికి ఆ వెసులుబాటు లేదు. శరీరం లోపలిభాగం చూసే అవకాశం వాళ్లకు ఎక్కువగా తెర మీదే.

తెర మీద పాఠం ఎలా సాగుతుందో చూడటానికి మెడ పట్టేయడం మంచి ఉదాహరణ. బొమ్మను వెనక్కి తిప్పగానే తల వెనక నుంచి వీపు నడిమి దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కనిపిస్తుంది. దాన్ని తాకి మాయం చేస్తే కింద లెవేటర్ స్కాపులే బయటపడుతుంది. మెడలోని పై నాలుగు పూసల పక్క నుంచి దిగి, రెక్క ఎముక పై మూలకు అతుక్కునే సన్నని పట్టీ అది. రెక్క ఎముకను పైకి లేపడం దాని పని, పేరుకు అర్థమూ అదే. ఇక్కడితో తెర పక్కన పెట్టాలి. తోటి విద్యార్థిని బోర్లా పడుకోబెట్టి, చేతిని నడుము మీద పెట్టుకోమనాలి. అప్పుడు పై కండరం సడలుతుంది. భుజాన్ని రవ్వంత ఎగరేయమంటే, రెక్క ఎముక మూలకు కాస్త పైన వేలికింద తాడులా ఒకటి బిగుసుకుంటుంది. కన్ను చూసిన పట్టీని వేలు పట్టుకోవడం అంటే ఇదే. ఈ ఒక్క క్షణం కోసమే సాఫ్ట్‌వేర్ అంతా.

తెర తీర్చే రెండో చిక్కు మాటలది. పల్లెలో అన్నీ నరాలే. రాత్రి పిక్క పట్టేస్తే నరం పట్టిందంటారు, అక్కడ బిగిసింది కండరం. తుంటి నుంచి కాలి దాకా జివ్వున లాగితే నరం లాగుతోందంటారు, అది చాలాసార్లు నిజంగా నాడే. కాళ్ల మీద ఉబ్బి వంకర్లు తిరిగినవీ నరాలే, అవి సిరలు. మడమ వెనక తాడులా తగిలేదీ నరమే, అది పిక్క కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం. ఒక్క మాట కింద ఉన్న ఈ నాలుగింటినీ తాకాల్సిన తీరు వేరువేరు. కండరాన్ని పిసకవచ్చు, నాడిని నొక్కకూడదు, ఉబ్బిన సిర మీద బలం వాడకూడదు. తెర మీద కండరం, ధమని ఎర్రగా, సిర నీలంగా, నాడి పసుపుపచ్చగా ఉంటాయి. సుశ్రుతుడూ దెబ్బ తగిలితే ప్రమాదమైన 107 మర్మాలను ఒకే గాటన కట్టలేదు. మాంస మర్మాలు 11, సిర మర్మాలు 41, స్నాయు మర్మాలు 27, అస్థి మర్మాలు 8, సంధి మర్మాలు 20 అని విడదీశాడు. రంగు చూసి తేడా పట్టిన విద్యార్థి, నరం అని వచ్చిన మనిషిని ఎక్కడ, ఎలా, ఎప్పటి నుంచి అని అడగడం నేర్చుకుంటాడు.

మూడోది, నొప్పి చెప్పే చోటును దాటి చూడటం. వరినాట్లు వేసేవాళ్లకు, పత్తి, మిర్చి ఏరేవాళ్లకు నొప్పి నడుములోనే తెలుస్తుంది. 1950లలో ఫ్లాయిడ్, సిల్వర్ అనే శాస్త్రవేత్తలు ఒక విషయం కనుగొన్నారు. మనిషి పూర్తిగా వంగినప్పుడు వెన్నును నిలబెట్టే కండరాలు దాదాపు పని మానేస్తాయి, బరువు వెన్నుపూసలను కట్టి ఉంచే సంధిబంధనాల వంటివాటి మీద పడుతుంది. బొమ్మలో వెన్ను నుంచి కిందికి దిగితే, వంగేటప్పుడు కటిని ఆపి పట్టే పిరుదుల కండరాలు, తొడ వెనక కండరాలు కనిపిస్తాయి. నడుము ఒక్కటే రుద్దితే పని సగంలో ఆగినట్టేనని విద్యార్థికి అప్పుడు తెలిసివస్తుంది.

చెయ్యి ఆపాల్సిన చోట్లనూ తెరే బాగా చూపుతుంది. మెడ ముందు పక్కన మెదడుకు రక్తం మోసే ధమని, చంకలో చేతి నాడుల గుంపు, మోకాలి వెనక గుంటలో నాడులు, రక్తనాళాలు, మోకాలి కింద బయటి పక్కన ఎముకను ఆనుకుని తిరిగే నాడి. ఈ చివరిది నలిగితే పాదం పైకి లేవదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి తేవచ్చు. అలాంటి మనిషిని ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపడమే ఆ రోజు చేయాల్సిన చికిత్స.

తెరకు హద్దులూ ఉన్నాయి. అది ఎక్కువగా చూపేది ఒక నమూనా శరీరాన్ని, అదీ కొవ్వు లేని, ముసలితనం రాని శరీరాన్ని. తుంటి నాడి ఎక్కువ మందిలో పిరిఫార్మిస్ కండరం కిందుగా వస్తుంది, కొందరిలో దాని ఒక పాయ కండరాన్ని చీల్చుకునే దిగుతుంది. బొమ్మ ఒకటే దారి చూపుతుంది. అద్దం మీద వేలికి వేడి, బిగువు, ఉలికిపాటు తెలియవు. జపాన్‌లో చూపులేనివారు వందల ఏళ్లుగా అన్మా అనే మర్దనను వృత్తిగా నడిపారు. చివరికి ఇది చేతి విద్యేనని చెప్పడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

అందుకే పాఠానికి వరుస ముఖ్యం. ముందు తెర మీద ఒకే ఒక్క కండరం, అది మొదలయ్యే చోటు, అతుక్కునే చోటు, చేసే పని. తర్వాత తన ఒంటి మీదే దాన్ని కదిలించి చూసుకోవడం. ఆ తర్వాత సన్నవాళ్లు, లావువాళ్లు, పెద్దవాళ్లు అయిన ముగ్గురు నలుగురి మీద తడిమి పోల్చుకోవడం. చివరగా కళ్లు మూసుకుని వెతికి, ఏది దొరికిందో నోటితో చెప్పి, మళ్లీ తెర తెరిచి సరిచూసుకోవడం. తెరతో మొదలైన పాఠం చేతి మీదుగా తిరిగి తెర దగ్గరికే వచ్చి, రెండూ ఒకటే చెప్పినప్పుడు ఆ కండరం విద్యార్థికి వచ్చినట్టు.