దండోరా నుంచి సంతకం దాకా

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి ఆరు వరసల కొత్త రహదారి వేస్తున్నారు. పొడవు 464 కిలోమీటర్లు. పాత రోడ్డును వెడల్పు చేయకుండా, పొలాలూ అడవులూ దాటిస్తూ భారత్‌మాలా పథకం కింద కొత్తగా గీసిన దారి ఇది. ధమ్తరీ, కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా ఒడిశాలోకి దిగి, కోరాపుట్ దాటి, సాలూరు వైపు నుంచి మన నేల మీదికి వచ్చి సబ్బవరం చేరుతుంది. ఛత్తీస్‌గఢ్ భాగంలో 2.8 కిలోమీటర్ల సొరంగం ఉంది. ఉదంతి అభయారణ్య ప్రాంతంలో జంతువులు దాటడానికి 27 మార్గాలు, కోతుల కోసం చెట్ల ఎత్తున 17 దారులు ఉంటాయని 2023 జులైలో రాయ్‌పూర్‌లో శంకుస్థాపన జరిగినప్పుడు ప్రభుత్వం ప్రకటించింది.

కోతుల దాకా ఆలోచించిన ఇంజినీర్లను మెచ్చుకోవాల్సిందే. అయితే ఈ వ్యాసంలో నేను పరిచయం చేయాలనుకున్న పనితనం వేరే ఉంది. ఇలాంటి దారి వేసే ముందు దారిలోని ఊళ్లను ఎలా అడగాలో చెప్పే నాలుగైదు పేజీలవి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన నోటిఫికేషన్‌కు నాలుగో అనుబంధం. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయ్యేనాటికి ఊళ్లను ఇలా అడిగే నియమమే లేదు. ప్రజాభిప్రాయ సేకరణ మన పర్యావరణ నిబంధనల్లోకి వచ్చింది 1997లో. దానికి ఇప్పుడున్న రూపం ఇచ్చింది 2006 నోటిఫికేషన్.

ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదాతో పాటు దాని సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. ప్రతులు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, స్థానిక సంస్థల కార్యాలయాల్లో అందుబాటులో పెట్టాలి. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి, రేడియోలో, టీవీలో చెప్పించాలి. గెజిట్ భాషలో దండోరాకు చోటు దొరకడం చూసి నాకు ముచ్చటేసింది. ఆ వాక్యం రాసినవారి కళ్లెదుట కొండగావ్ అడవి పల్లె ఒకటి ఉండే ఉంటుంది.

ఆ 30 రోజులూ ఊరికే పెట్టినవి కావు. నెల అంటే నాలుగు సంతలు. చదువొచ్చిన కుర్రాడు సారాంశం చదివి చెప్పాలి, అది పక్క ఊరికి పాకాలి, మనుషులు తర్జనభర్జన పడాలి. 2020లో వచ్చిన కొత్త నోటిఫికేషన్ ముసాయిదా ఈ గడువును 20 రోజులకు కుదించబోయింది. ఆ ముసాయిదా మీద దేశమంతటి నుంచీ లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి. అది తుదిరూపు దాల్చలేదు.

ఒకసారి ప్రకటించిన తేదీని మామూలు కారణాలతో మార్చకూడదు. మార్చాల్సి వస్తే కలెక్టరు సిఫారసు ఉండాలి, అవే పత్రికల్లో మళ్లీ వేయాలి. కూలి మానుకుని వచ్చిన మనిషికి ఇది పెద్ద రక్షణ.

ఇక సభ. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొదలు నుంచి చివరి దాకా వీడియో తీయాలి. ముందు రోడ్డు వేసేవారి ప్రతినిధి ప్రాజెక్టు సంగతి చెప్పాలి. ఆపైన హాజరైన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి, భూమి పోతున్నవాళ్లకే కాదు.

నేను పదే పదే చదువుకున్న అంశం దీని తర్వాత వస్తుంది. సభ చివర కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి తాను రాసుకున్నదాన్ని జనం ముందు చదివి, స్థానిక భాషలో వివరించాలి. అందరూ ఒప్పుకున్న మినిట్స్ మీద కలెక్టరు అదే రోజు సంతకం పెట్టాలి. ‘అదే రోజు’ అన్న మాటలోనే ఉంది నేర్పంతా. ఒక రైతు లేచి, “దారికి అవతల నా బావి, ఇవతల నా పొలం. నా ఎడ్లు ఎక్కడ దాటాలి?” అని అడిగాడనుకోండి. కాగితం ఆఫీసుకు వెళ్లి నాలుగు రోజుల తర్వాత టైపయితే ఆ ప్రశ్న ‘కొందరు రైతులు ఇబ్బందులు వ్యక్తం చేశారు’గా మారిపోతుంది. అక్కడే చదివితే తన బావి అందులో ఉందో లేదో ఆయన చెవులతోనే వింటాడు. బస్తర్ వైపు గోండి, హల్బీ మాట్లాడేవారికి హిందీలో చదివితే సరిపోదు, ‘స్థానిక భాష’ అన్నది అక్కడ అక్షరాలా అమలు కావాలి. లేవనెత్తిన అంశాలూ వాటికి ప్రాజెక్టువారి జవాబులూ జతచేసి, సభ రికార్డు 8 రోజుల్లో పైకి వెళ్లాలి. పంచాయతీ కార్యాలయంలోనూ ప్రదర్శించాలి.

ఒక లోటు మాత్రం నన్ను బాధిస్తుంది. ఈ సభ జరిగేనాటికి దారి గీత పటం మీద పడిపోయి ఉంటుంది. ఊరంతా వద్దన్నా అది ఓటు కాదు, నిపుణుల సంఘం తూచే అనేక అంశాల్లో ఒకటి మాత్రమే. ఇంత జాగ్రత్తగా అడిగే పద్ధతిని అలైన్‌మెంట్ ఖరారు కాకముందే వాడుకుంటే గీత ఇంకా మంచి చోట పడేదని నా నమ్మకం.

మీ జిల్లా పత్రికలో ఇలాంటి ప్రకటన కనబడితే కలెక్టరేట్‌కు వెళ్లి తెలుగు సారాంశం అడగండి. సభకు వెళ్లండి, మాట్లాడండి. మాట్లాడగానే లేచి వచ్చేయకండి. మినిట్స్ చదివేదాకా కూర్చోండి, మీ మాట అందులో లేకపోతే సంతకం పడకముందే లేచి అడగండి.