ట్వెల్వ్ బోర్ అంటే ఏమిటి?

పల్నాడులో ఆయుధానికి పేరూ మర్యాదా ఉన్నాయి. కార్తీక మాసంలో కారంపూడి తిరునాళ్లకు వెళ్లిన వాళ్లెవరైనా వీరుల కొణతాలకు, అంటే వారి ఆయుధాలకు, జరిగే పూజ చూసే ఉంటారు. నలగామరాజు ఏలిన గురజాలలో నేటి కుర్రాళ్లకు తుపాకి అంటే మాత్రం సినిమా తుపాకే. ‘ట్వెల్వ్ బోర్’ అని అందరూ అంటారు. ఆ పన్నెండు ఏమిటని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

అది పాత ఇంగ్లండు లెక్క. ఒక పౌను సీసాన్ని, అంటే 453 గ్రాముల పైచిలుకును, పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం ట్వెల్వ్ బోర్. లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై గుండ్లుగా పోస్తే గుండు చిన్నదవుతుంది కాబట్టి ట్వెంటీ బోర్ గొట్టం ఇంకా సన్నం. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నది కొత్తవాళ్లు మొదట పట్టుకోవలసిన సంగతి. ఫోర్ టెన్ అనే రకం మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది గొట్టం వెడల్పును అంగుళాల్లో చెప్పే అంకె.

ట్వెల్వ్ బోర్ షాట్‌గన్ రకం తుపాకి. రైఫిల్ గొట్టం లోపల మెలికల గాడులుంటాయి, షాట్‌గన్ గొట్టం నున్నగా ఉంటుంది. రైఫిల్ ఒక్క గుండునే పంపుతుంది. షాట్‌గన్ తూటాలో సన్నని సీసపు గుళ్లు నిండుగా ఉంటాయి. ఒలింపిక్ పోటీల్లో తూటాకు 24 గ్రాముల సీసం మించకూడదు. ఆ కాస్తలోనే దాదాపు 300 గుళ్లు పడతాయి. గుళ్లకూ మందుకూ మధ్య ఉండే బిరడా పేరు వాడ్. మందు పేలగానే గుళ్లను ఒక్కటిగా ముందుకు నెట్టేది అదే.

బయటికొచ్చిన గుళ్లు ఎంత దూరంలో ఎంత విచ్చుకుంటాయో చోక్ నిర్ణయిస్తుంది. నాకు ఈ తుపాకిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మిరప చేలో నీళ్ల పైపు మూతికి బొటనవేలు అడ్డుపెట్టి ధారను దూరం పంపుతామే, గొట్టం మూతి దగ్గర ఆ కాస్త బిగింపే చోక్. బిగింపు లేనిది సిలిండర్, సగం బిగింపు మాడిఫైడ్, పూర్తి బిగింపు ఫుల్. నలభై గజాల దూరాన ముప్పై అంగుళాల వలయంలో ఫుల్ చోక్ వంద గుళ్లలో డెబ్భై దాకా పడేస్తుంది, సిలిండర్ నలభై. దగ్గరి గురికి విచ్చుకునేది, దూరపు గురికి బిగుతైనది వాడతారు. స్కీట్ ఆటగాడు, ట్రాప్ ఆటగాడు వేర్వేరు చోక్‌లు ఎంచుకోవడానికి కారణం ఇదే.

రెండూ ఎగిరే మట్టిబిళ్లలను కాల్చే ఆటలే. ట్రాప్‌లో బిళ్ల ఆటగాడికి ఎదురుగా, అతన్నుంచి దూరంగా దూసుకుపోతుంది. అడ్డకొలత 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. ఏ కోణంలో లేస్తుందో ముందే తెలియదు. స్కీట్‌లో రెండు గుడిసెల నుంచి బిళ్లలు అడ్డంగా ఎగురుతాయి. బిళ్ల కనిపించేదాకా తుపాకి నడుము దగ్గరే ఉండాలి. రెండింటిలోనూ గురి బిళ్ల మీద కాదు, అది వెళ్లబోయే చోటు మీద. ఆ ముందుచూపు పేరు లీడ్. తుపాకి కదులుతుండగానే ట్రిగ్గర్ నొక్కి, ఆ తర్వాత కూడా ఆపకుండా ఊపు కొనసాగించడం ఫాలో త్రూ. కాల్చగానే తుపాకి ఆపేశారా, గుళ్లు బిళ్ల వెనక్కి పోతాయి.

ఈ విద్యలో మన తెలుగు నేల నుంచి ఎదిగినవాడు హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జొరావర్ సింగ్ సంధు, పృథ్వీరాజ్ తొండైమాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలిచాడు. వ్యక్తిగతంగానూ కాంస్యం తెచ్చాడు.

ఒకప్పుడు ఈ తుపాకితో వేటాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తరువాత ఆ సరదాకు చోటు లేదు. నల్లమల అంచున ఉన్న మనకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ తుపాకికి మిగిలిన గౌరవమైన చోటు ఆటస్థలమే. అక్కడ ఆటగాడు నడిచేటప్పుడు జంట గొట్టాలను మడత దగ్గర విరిచి, తూటాలు పెట్టే గదులు రెండూ ఖాళీ అని పదిమందికీ కనిపించేలా పట్టుకుంటాడు. తన వంతు వచ్చి నిలబడ్డాకే తూటా పెడతాడు. ఈ పద్ధతిని నేను చోక్ కన్నా, లీడ్ కన్నా పైన పెడతాను.

మీ అబ్బాయో అమ్మాయో షూటింగ్ నేర్చుకుంటానంటే కాదనకండి. అయితే లైసెన్సు, శిక్షకుడు, చట్టబద్ధమైన రేంజి, ఈ మూడూ ఉన్నాయో లేదో స్వయంగా చూసుకుని పంపండి. తుపాకి విరిచి పట్టుకోవడం వచ్చేదాకా తూటా చేతికివ్వవద్దని శిక్షకుడికి మీరే చెప్పండి.