తలకిందుల నెమళ్లు

సూరత్‌లో గుడ్డను మీటర్లలో కొనేవాళ్లు కొందరు, కిలోల్లో కొనేవాళ్లు కొందరు. రింగ్ రోడ్డు మార్కెట్లలో తానులకు తానులు బేరమాడేది మొదటి రకం. మా కోసాడ్ ఆడపిల్లలు రెండో రకం. వాళ్లు కొనేదాన్ని ఇక్కడ ఫెంట్ అంటారు. మిల్లులో అచ్చు జరిగినా, రంగు మరక పడినా, చీర నడుమ చిన్న చిరుగు కనబడినా అంతవరకు కోసి పక్కన పడేస్తారు. చీరకు పొడుగు చాలని ఆ ముక్కలన్నీ మూటగట్టి తూకానికి అమ్ముతారు. పైన ఏముందో కనబడుతుంది. అడుగున ఏముందో ఇంటికి తెచ్చి విప్పాకే తెలుస్తుంది.

పడుచు పిల్లలకు ఫ్యాషన్ మెళకువలు చెప్పే వ్యాసాలు నేనూ చదువుతుంటాను. ఈ సీజన్లో ఏ రంగు నడుస్తోంది, పొట్టివాళ్లు ఏ కట్ వేసుకోవాలి, అల్మారాలో తప్పక ఉండాల్సినవేమిటి. ఆ అల్మారా ఎవరింట్లో ఉందో గాని, మా బిల్డింగులో లేదు. ఇక్కడున్నది మూట. కాబట్టి ఈ వారం మూట సంగతే.

కోసాడ్ తాపీ నదికి ఉత్తరాన ఉంది. రైల్లో వస్తే సూరత్ తర్వాత ఉత్రాన్, ఆ తర్వాత మా స్టేషను. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలినప్పుడు సూరత్ చాలామటుకు మునిగింది. ఆ తర్వాతి ఏళ్లలో నది ఒడ్డు గుడిసెల్లోని కుటుంబాలను చాలామందిని తెచ్చి కోసాడ్ ఆవాస్ బిల్డింగుల్లో పెట్టారు. మెట్ల మీద ఒడియా, మరాఠీ, భోజ్‌పురీ, ఉర్దూ అన్నీ వినబడతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా లింబాయత్, ఉధ్నా వైపు. ఇటు మేం కొద్దిమందిమే. చేనేత చితికిపోయాక కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు మరమగ్గాన్ని వెతుక్కుంటూ పోయిన పద్మశాలి ఇండ్లలో మాదొకటి. ఇంట్లో మగవాళ్లది మగ్గం, నాది కుట్టుమిషను. జాకెట్లు కుడతాను, వారానికోసారి ఇది రాస్తాను.

మధ్యాహ్నం పూట మా అంతస్తులో తలుపులన్నీ బార్లా తీసే ఉంటాయి. వెలుతురు గడప దగ్గరే ఎక్కువ, అందుకని పనీ అక్కడే. ఒక ఇంట్లో చీర అంచుకు లేస్ పట్టీ కుడతారు. పక్కింట్లో ధాగా కటింగ్: ఎంబ్రాయిడరీ మిషను ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దూకేటప్పుడు వదిలిన దారాలను చిన్న కత్తెరతో కత్తిరించడం. ఇంకో ఇంట్లో సిరోస్కి. ఆస్ట్రియా కంపెనీ పేరు సూరత్ నోట్లో పడి అట్లా అయింది. చీర మీద మెరిసే ప్రతి గాజు రాయీ ఇక్కడ సిరోస్కే. పుల్ల కొసకు మైనం అంటించి దాంతో రాయి ఎత్తాలి, జిగురు చుక్క మీద దించాలి, పుల్లను కాస్త పక్కకు తిప్పి లాగాలి. నేరుగా లాగితే రాయి కూడా వస్తుంది. కూలి చీరకింత.

మెరుపు పని ఈ ఊరికి కొత్తేం కాదు. వెండి తీగను సాగదీసి, దాన్ని చదును చేసి బాద్లా చేసి, పట్టు దారానికి చుట్టి కసబ్ చేసి, పైన బంగారు పూత పూసే జరీ పని సూరత్‌ది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ధర్మవరం, గద్వాల అంచులు మెరవడానికి జరీ ఇక్కడి నుంచి వెళ్లింది. ఇప్పుడు అసలు జరీ చేసే ఇండ్లు తగ్గాయి, ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూసి చీల్చిన దారం పెరిగింది. సరే, అది వేరే కథ.

గడపలో తల్లి పక్కన పిల్లలూ కూర్చుంటారు. 2016లో చట్టం సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదన్నారు. బడి అయిపోయాక సొంత కుటుంబ వ్యాపారంలో సాయం చేయొచ్చని మళ్లీ అందులోనే సందు పెట్టారు. చీర సేఠ్‌ది, రాళ్లు సేఠ్‌వి, డిజైను సేఠ్‌ది. ఇది ఎవరి కుటుంబ వ్యాపారమో నాకైతే అర్థం కాదు.

నేను చెప్పాలనుకున్న పిల్లకు ఇప్పుడు పదహారేళ్లు. మా కింది అంతస్తు. నన్ను అత్తమ్మా అంటుంది. చిన్నప్పుడు లింబాయత్‌లో మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో చదివింది, ఇప్పుడు హిందీ మీడియం. దాని పనితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రెండు రాళ్ల మధ్య ఎడం వెంట్రుక వాసి తేడా వచ్చినా కంటితోనే పట్టేస్తుంది. కానీ ఇన్నేళ్లలో ఒక్క రాయి కూడా ఎక్కడ పెట్టాలో తను తేల్చింది కాదు. ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని చుక్కలు వేశారు, దానికి డిజైన్ నంబరు పడింది. ఒక్కో కేటలాగులో ఆరో ఎనిమిదో చీరలు, దేని రంగు దానిదే, మ్యాచింగ్ ముందే ఖాయం. పిల్ల చేయాల్సింది చుక్క మీద రాయి పెట్టడం. అదే పిల్ల ఆదివారం ఫెంట్ మూట విప్పి నేల మీద పరిచినప్పుడు చూడాలి. పుల్ల అదే, జిగురు అదే, వేళ్లు అవే. చుక్క ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఇప్పుడు దాని ఇష్టం. కూలి పనికీ కళకూ నడుమ గీత గీయమని ఎవరైనా నన్నడిగితే ఇక్కడే గీస్తాను. చేయి ఎంత నాజూగ్గా తిరుగుతుందన్నది నేను లెక్కలోకే తీసుకోను.

మొన్న నవరాత్రికి చనియా చోలీ కుట్టుకుంది. చనియా అంటే మన లంగాయే, ఘేర్ ఎక్కువ. గర్బాలో గిర్రున తిరిగినప్పుడు అది గొడుగులా లేవాలి. కుచ్చుల లంగా అయితే పొడుగు గుడ్డ కావాలి, ఫెంట్‌లో అది దొరకదు. కాబట్టి కలీలు, అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్కలు. నడుము 26 అంగుళాలు, కలీలు 12. కుట్టుబడితో కలిపి ఒక్కో కలీ పైన మూడుంబావు అంగుళాలు, కింద 12. గుడ్డ పన్నా 44. అన్ని కలీలనూ నిలువుగా, ఒకే వైపు తల పెట్టి కోస్తే మీటరు ముక్కలో మూడే వస్తాయి. ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా వేసుకుంటూ పోతే ఐదు వస్తాయి. కుట్టుపని నేర్చుకున్న ప్రతివాళ్లకీ తెలిసిన లెక్కే ఇది. సాదా గుడ్డకైతే చిక్కేం లేదు.

దాని గుడ్డ సాదాది కాదు. మూట అడుగున నెమళ్ల అచ్చు జార్జెట్ రెండు ముక్కలు దొరికాయి, ఒక్కొక్కటి మీటరు. నెమళ్లన్నీ తల పైకెత్తి నిలబడి ఉన్నాయి. తిప్పి కోస్తే సగం నెమళ్లు తలకిందులవుతాయి. తిప్పకపోతే ఆరు కలీలే, సగం లంగా. నేనైతే ఆరు నెమలి కలీలు, ఆరు సాదావి, ఒకటి విడిచి ఒకటి అనేదాన్ని. చూడటానికి పద్ధతిగా ఉంటుంది, బోణీ బేరానికి వచ్చిన మనిషి కూడా వంక పెట్టదు.

అది పది కలీలూ నెమలి గుడ్డలోంచే కోసింది. నెమళ్లు తలకిందులే అని నేనంటే, ‘తిరుగుతుంటే ఏది మీద, ఏది కింద, ఎవలు చూస్తరు అత్తమ్మా?’ అంది. అక్కడితో ఊరుకోలేదు. తక్కువ పడ్డ రెండు కలీలకు నల్ల గుడ్డ తీసుకుంది. రెండింటినీ ఎదురెదురుగా పెడితే బాగుంటుందన్నాను. ఒకటి ఎడమ తుంటి మీద, దానికి మూడు కలీల అవతల రెండోది పెట్టింది. నిలబడితే ఎబ్బెట్టుగానే ఉంది. తిరిగితే నలుపు టపటపమని రెండుసార్లు కొట్టి, ఆ తర్వాత చాలాసేపు రాకుండా పోతుంది. తబలాలో ఖాళీ వదిలినట్టు. ఆ లంగా చూశాక నా లెక్క ప్రకారం కుట్టిన లంగాలు నాకే కాస్త చప్పగా అనిపించాయి.

జార్జెట్ కోయడం గురించి ఒక్క మాట, ఇంట్లో ప్రయత్నించే పిల్లల కోసం. అది కత్తెర కింద పాములా జారుతుంది. కింద న్యూస్‌పేపర్ పరిచి, గుడ్డనూ కాగితాన్నీ కలిపి గుండుసూదులు గుచ్చి, రెండింటినీ కలిపే కోయాలి. మా ఊరి గుడ్డ దాదాపు అంతా పాలిస్టరే కాబట్టి అంచుల దారాలు ఊడకుండా అగరొత్తి నిప్పు తాకిస్తారు. నిప్పు తగిలినచోట అంచు కరిగి గట్టిపడుతుంది. కానీ కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. పక్కన నీళ్లు, తెరిచిన కిటికీ, ఒంటి మీద చున్నీ లేకుండా, అంతే. ఇదే నిప్పుతో ఆ పిల్లలు ఇంకో పనీ చేస్తారు. ఆర్గాంజా ముక్కల్ని గుండ్రంగా కోసి దీపం మీద ఆడిస్తే అంచులు లోపలికి ముడుచుకుని రేకులవుతాయి. ఐదారు రేకులు పేర్చి నడుమ సిరోస్కి రాయి అంటిస్తే జడపువ్వు.

రంగుల దగ్గర నాకు వాళ్లతో ఎప్పుడూ తగువే. ఫెంట్‌లో ఒకదానికి ఒకటి కలవదు. కేటలాగు కన్ను ఉన్నవాళ్లకు ఆ మూట చూస్తే తలనొప్పి. పిల్లలు ఒక ఉపాయం పట్టారు: ఏ రంగూ ఒక్కచోటే ఉండకూడదు, కనీసం మూడు చోట్ల కనబడాలి. చిలకపచ్చ రంగు అంచులో ఉంటే చేతి పట్టీలోనూ ఉండాలి, జడ చివరా ఉండాలి. అప్పుడు అది పొరపాటున పడ్డట్టు ఉండదు, కావాలని పెట్టినట్టు ఉంటుంది. ఎవరు నేర్పారని అడిగితే ఫోన్లో చూశామన్నారు, ఒకామె మాత్రం వాళ్ల ఒడియా నానమ్మ చందువా పనిలోంచి తెచ్చానంది. రెండోదాన్నే నేను నమ్ముతాను. పిపిలిలో గుడ్డ ముక్కలు కత్తిరించి అతికే ఆ పనిలో ఎరుపు, నలుపు, పసుపు అట్లాగే తిరిగి తిరిగి వస్తాయి.

ఫోను మీద నాకు కోపం లేదు. దాంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. అది కోసాడ్ పిల్లకూ కొరియా పిల్లకూ ఒకే లంగా చూపిస్తుంది. టోక్యోలో హరాజుకు అని ఒక పేట ఉంది. అక్కడి పడుచు పిల్లలు పాత కిమోనో ముక్కలు, చవక బొమ్మలు, తల నిండా క్లిప్పులు కలిపి ఇష్టం వచ్చినట్టు తయారయ్యేవాళ్లు. షోయిచి అవోకి అనే ఫొటోగ్రాఫర్ 1997 నుంచి ‘ఫ్రూట్స్’ అనే పత్రికలో వాళ్ల ఫొటోలు వేశాడు. 2017లో ఆపేశాడు, ఫొటో తీయదగ్గ పిల్లలు ఇక కనబడటం లేదని. అప్పటికి వీధి అంతా పెద్ద కంపెనీల ఒకే రకం బట్టలతో నిండిపోయింది. ఆయన ఒకసారి ఇటు వస్తే బాగుండేది. నవరాత్రిలో మా పక్కనున్న అమ్రోలి చౌరస్తా దగ్గర నిలబడితే చాలు.

అదే 2017లో మన దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టింది. సిరిసిల్ల మరమగ్గాలకు పని ఇవ్వడం దాని ఉద్దేశం. తొలి ఏడాది గడువు చాలక కొంత సరుకు సూరత్ నుంచే పోయింది. నాసిరకమని కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు చీరలు తగలబెట్టారు. ఆ వార్త చదివి సూరత్ పరువు పోయిందని మా మగ్గాలవాళ్లు బాధపడ్డారు. నాకు తోచింది వేరు. నాసిరకం గుడ్డ మా పిల్లలు రోజూ కొంటారు, దాంతోనే పండగ చేసుకుంటారు. పండగ చీర ఎవరో ఎంచి, మడిచి, లైన్లో నిలబెట్టి చేతిలో పెడితే గుడ్డ సంగతి పక్కన పెట్టినా ఒళ్లు మండదా?

ఇక్కడ బతుకమ్మ, గర్బా పక్కపక్కనే వస్తాయి. పెత్రామాస నాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలైతే, మరునాడు పాడ్యమి నుంచి గర్బా. అదీ గుండ్రంగా తిరిగి చప్పట్లు కొట్టే ఆటే, ఇదీ అంతే. 2023లో యునెస్కో గర్బాను తన జాబితాలో చేర్చినప్పుడు మావాళ్లు మన బతుకమ్మ సంగతేంటని అడిగారు. మా పిల్లకు ఆ పంచాయితీ లేదు. నెమలి చనియా మీద మామూలు జాకెట్ వేసి, నల్ల ఓణీ పైట వేసి లింబాయత్‌లో మేనమామ ఇంటికి బతుకమ్మ ఆడటానికి పోయింది. అక్కడి ముసలమ్మలకు అది లంగా ఓణీయే. మర్నాడు ఓణీ తీసి అద్దాల చోలీ తొడిగి మా బిల్డింగు కింద గర్బా ఆడింది.

ఆ రాత్రి ఎవరో ఫొటో తీశారు. సూరత్‌లో ఫొటో తీస్తే దానర్థం వేరు. మార్కెట్‌లో ఒక షాపు చీర బాగా ఆడితే వారం తిరక్కుండా నాలుగు షాపుల్లో అదే చీర. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే మొదట పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ పది రోజులు ఆడే చీరకు ఆ తతంగం ఎవరు పడతారు? ఫెంట్ లంగాకైతే అసలే పడరు. తీరా ఆ ఫొటో పట్టుకుని వచ్చింది షాపువాడేం కాదు, పక్క వింగులో ఉండే ఒక కాలేజీ పిల్ల. వచ్చే ఏడాదికి తనకూ అచ్చం అట్లాంటిదే కావాలంది, డబ్బులిస్తానంది.

‘అచ్చం గట్లది కాదక్కా. గా గుడ్డ అయిపోయింది. మూట తెచ్చినంక జూస్త, ఏం దొరికితే గది కుడత.’

‘నెమళ్లు దొరక్కపోతే?’

‘దొరకవు. ఏనుగులు దొరకొచ్చు.’

బేరం 600 దగ్గర మొదలైంది. అందులో చోలీ కలిసుందా లేదా అన్న దగ్గర ఇంకా తెగలేదు.