సోలెడు కారం అంటే ఏ కారం?

మా అమ్మ వంటల నోటుబుక్కులో ఆవకాయ పేజీ మీద నూనె మరకలు ఎక్కువ, అక్షరాలు తక్కువ. ముక్కలు, ఉప్పు, ఆవపిండి, కారం, మెంతులు, పప్పునూనె. ఒక్కోదాని ఎదురుగా ఒక్కో కొలత. కారం ఎదురుగా "సోల" అని ఉంది. ఏ కారమో లేదు. నరసరావుపేటలో మా ఇంటికి ఏటా వచ్చే కాయ ఒకటే, ఆడించే మర ఒకటే. ఇక రాయడం ఎందుకనుకుందో ఏమో.

కిందటి వేసవిలో టెక్సాస్ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, అత్తయ్యగారి పుస్తకంలో ఉన్నట్టే కలిపాను. కొలత కూడా తప్పలేదు. ముక్క నోట్లో పెట్టుకోలేకపోతున్నాం. రంగు చూస్తే ఇటుకపొడి. ఏం చేశానంటారు?" ఎప్పుడూ కొనే మూడు మామిడికాయల బ్రాండు కారం ప్యాకెట్ ఆ వారం దుకాణంలో అయిపోయిందట. పక్కన ఉన్న ఇంకో కంపెనీ ప్యాకెట్ తెచ్చి వేసింది. దాని మీదా "గుంటూరు కారం" అనే ఉంది మరి.

ఆ పిల్ల తప్పేమీ లేదు. "గుంటూరు కారం" అన్నది ఊరి పేరు మాత్రమే. గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారిని పట్టుకుని "కారానికి ఏ కాయ బాగుంటుందండీ" అని అడిగి చూడండి. "దేనికి?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆసియాలోనే అతి పెద్దదని పేరున్న ఆ యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పితే కనిపించే ఎరుపులు ఒక్కటి కావు. తేజ ఉంటుంది, 334 ఉంటుంది, 341 ఉంటుంది, కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగ ఉంటుంది. 334 అన్నది గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం. పల్నాడు నల్లరేగడిలోనూ, అటు మార్కాపురం, దర్శి వైపూ పత్తితో పోటీపడి పెరిగేది ఇలాంటి రకాలే. వ్యాపారులు ఎస్-4 అని పిలిచే గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ రకాల మధ్య తేడా ఎంతో అంకెల్లో చూస్తే మరదలి ఆవకాయ సంగతి అర్థమవుతుంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రజ్ఞుడు మిరప ఘాటును కొలవడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. కాయ సారాన్ని పంచదార నీళ్ళలో పలచన చేస్తూ పోయి, నాలుక మీద మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు కలపాల్సి వచ్చిందో అదే దాని ఘాటు. ఇప్పుడు నాలుకల పని యంత్రాలు చేస్తున్నాయి గానీ లెక్క ఆయన పేరు మీదే నడుస్తోంది. ఆ లెక్కలో గుంటూరు సన్నం సుమారు 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది. తేజ దానికి రెట్టింపు దగ్గరికి పోతుంది. బ్యాడిగ సన్నంలో మూడో వంతు కూడా ఉండదు. రంగు దగ్గరికొస్తే వరుస తిరగబడుతుంది. సుగంధ ద్రవ్యాల వ్యాపారం వాడే ఆస్టా కొలతలో సన్నం రంగు 32 ప్రాంతంలో ఉంటే, మంచి బ్యాడిగ నూరు దాటుతుంది. అంటే "సోలెడు కారం" అన్న ఒక్క మాట కింద, ఘాటులో ఆరేడు రెట్లు తేడా ఉన్న పొడులు దాక్కుని ఉన్నాయి.

కాయ దాటి మర దగ్గరికి వస్తే ఇంకో తేడా. ఘాటు నిజానికి గింజల్లో ఉండదు, గింజలు అతుక్కుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. కాబట్టి గింజతో సహా ఆడించిన కారానికీ, గింజ దులిపి ఆడించినదానికీ రంగూ ఘాటూ ఒకటి కావు. తొడిమ తీయని కాయ, తెల్లబారిన తాలుకాయ కలిస్తే పొడి పాలిపోతుంది. రోకలితో దంచిన కారం బరకగా ఉండి నూనెను నెమ్మదిగా పీలుస్తుంది. ఫ్యాక్టరీ కారం పౌడరులా ఉండి ఎక్కువ నూనె తాగి, ఊటను చిక్కబరుస్తుంది. ప్యాకెట్ కారంలో బరువుకు 2 శాతం దాకా వంటనూనె కలపడానికి మన ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకుంటాయి, లేబులు మీద ఆ మాట రాయాలంతే. నూనె తగిలిన పొడి ప్యాకెట్లో నిగనిగలాడుతుంది. ఆ నిగనిగ చూసి మోసపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక ఏడాది మర దగ్గర వరసలో నిలబడే ఓపిక లేక, ఎర్రగా ఉందని ఒక ప్యాకెట్ కొని కలిపాను. దసరాకి జాడీ తెరిస్తే పచ్చడి గోధుమ రంగులో ఉంది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఇంకో ప్రమాదం కూర కారం. మన వైపు దాంట్లో వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు, మెంతులు, ఉప్పు కూడా వేసి దంచుతారు. వేపుడు మీద చల్లుకోవడానికి అమృతం. ఆవకాయలో వేస్తే ఉప్పు లెక్క తప్పుతుంది, ధనియాల వాసన మామిడిని మింగేస్తుంది. పేరు చివర "కారం" అని ఉన్నదల్లా మిరపపొడి కాదు.

సరే, ఘాటెక్కువ కారం దొరికింది. ఏం చేయాలి? ఎవరికైనా మొదట తోచేది తగ్గించి వేయడం. మరదలు కూడా రెండో జాడీకి అలాగే చేస్తానంది. వద్దన్నాను. కూరలో కారం తగ్గిస్తే కూర చప్పబడుతుంది, అక్కడితో సరి. ఆవకాయలో కారం రుచి ఒక్కటే కాదు, సరుకు కూడా. పాత లెక్కలో ఆవపిండి, కారం, ఉప్పు సమానం. మూడూ కలిసి, ముక్కలోంచి ఉప్పు లాగిన నీటిని పట్టుకుని, నూనెను పీల్చుకుని ముద్దగా నిలుస్తాయి. ముక్కకు పట్టేది ఆ ముద్దే. అందులో ఒకటి సగానికి తగ్గించారనుకోండి. ముద్ద పలచబడి నూనె పైకి, ఊట కిందికి విడిపోతాయి, ఉప్పు ఒక్కసారిగా ఎక్కువైనట్టు అనిపిస్తుంది, ఆవ ఘాటు ముక్కులోకి కొడుతుంది. ఉప్పు కూడా తగ్గిద్దామంటే పచ్చడి నిలవే అనుమానం.

అమెరికా వంటిళ్ళలో సరిగ్గా ఇదే తంటా పిండి డబ్బాలతో ఉంది. 1931లో జనరల్ మిల్స్ కంపెనీ బిస్క్విక్ అని ఒక మిశ్రమం తెచ్చింది. గోధుమపిండి, కొవ్వు, ఉప్పు, పొంగించే పొడి కలిపే వస్తాయి. దాన్ని నమ్ముకుని రాసుకున్న వంటకానికి ఇంకో కంపెనీ డబ్బా వాడితే, అందులో కొవ్వు పాలు వేరు, పొంగే పొడి పాలు వేరు. కప్పుకు కప్పు మార్చినా అట్టు అదే అట్టు కాదు. మరదలికి ఇది చెప్పగానే వెలిగింది. అక్కడే పెరిగిన పిల్లలున్న ఇల్లు కదా, ఆ డబ్బాలతో దెబ్బతిన్న అనుభవం ఉంది.

కాబట్టి పద్ధతి తగ్గించడం కాదు, విడదీయడం. సోలెడు కారం ఆవకాయలో మూడు పనులు చేస్తోంది: మంట, రంగు, ముద్ద. మంట ఒక కాయ నుంచి, రంగు ఇంకో కాయ నుంచి తెచ్చుకుని, మొత్తం మాత్రం సోలెడే ఉంచాలి. తేజ పొడి నాలుగు పాళ్ళు, బ్యాడిగ పొడి ఆరు పాళ్ళు కలిపితే ఘాటు ఇంచుమించు సన్నం దగ్గరికి వస్తుంది, రంగు దాన్ని మించుతుంది. ఇది కాగితం మీది లెక్క. ఏ పొలం కాయ, ఎన్నో కోత, ఎన్నాళ్ళు నిలవున్నది అన్నవి దీన్ని అటూ ఇటూ లాగుతాయి. బ్యాడిగ దొరకనిచోట కాశ్మీరీ పేరుతో అమ్మే పొడి పనికొస్తుంది. ఎవరెస్ట్ వాళ్ళు తీఖాలాల్ ఘాటుకీ, కాశ్మీరీలాల్ రంగుకీ వేరువేరుగా అమ్ముతారు. ఎండీహెచ్ వాళ్ళ డెగ్గీ మిర్చ్ కూడా రంగు కోసమే. ఉత్తరాది కూరలకని చేసిన ప్యాకెట్లు మన జాడీకి ఇలా అక్కరకొస్తాయి.

ఇదేమీ నేను కనిపెట్టిన తెలివి కాదు. వరంగల్ వైపు ఆవకాయలకు చపాట కాయ ఎందుకు వాడతారు? టమాటాలా బొద్దుగా, చిక్కటి ఎరుపుతో, మంట తక్కువగా ఉంటుంది కనుక. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా వీధిలో మర ఆడించే ఆయన దగ్గరికి కాయ తీసుకెళ్ళే ఆడవాళ్ళు కూడా ఒక్క రకం తీసుకెళ్ళేవారు కాదు. "రెండు కేజీల సన్నంలో కేజీ లావుకాయ వెయ్యి" అని చెప్పి మరీ నిలబడి చూసేవారు. యార్డుకు మే నెలలో వేసవి సెలవులు. ఆవకాయ పెట్టేదీ ఆ నెలలోనే. అందుకని తెలిసినవాళ్ళు మార్చి, ఏప్రిల్లోనే మంచి కోత కాయ కొని, కల్లంలో చాలినంత ఎండిందో లేదో విరిచి చూసుకుని, ఇంటి డాబా మీద ఇంకో ఎండ పెట్టి దాచేవారు. ప్యాకెట్ ఈ పనంతా మన తరఫున చేసేసింది. ఏ కాయలు ఏ పాళ్ళలో వేశారో మాత్రం చెప్పదు.

కొత్త ప్యాకెట్‌ను జాడీలోకి దింపే ముందు ఒక చిన్న పరీక్ష చేయిస్తాను. చెంచాడు కారం, చెంచాడు ఆవపిండి, తగిన ఉప్పు, రెండు చెంచాల పప్పునూనె, నాలుగు మామిడి ముక్కలు. గాజు గిన్నెలో కలిపి మూడు రోజులు మూత పెట్టాలి. మిరప రంగూ ఘాటూ రెండూ నూనెలో కరిగేవే, నీళ్ళలో కావు. కాబట్టి పొడిని నాలుక మీద వేసుకుని చూస్తే నిజం తెలియదు. మూడో రోజు పైకి తేలిన నూనె ఎర్రగా ఉందా, నారింజ రంగులో ఉందా, మట్టి రంగులో ఉందా చూడాలి. తర్వాత వేడన్నంలో కలుపుకుని తినాలి, ఎందుకంటే ఆవకాయను ఉత్తగా తినేవాడు ఎవడూ లేడు. మూడో రోజున తిరగకలపడమన్న ఆచారం వెనక కూడా ఈ పరీక్షే ఉంది. ఉప్పు చాలకపోతే, నూనె తక్కువైతే దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం.

ఉప్పు దగ్గర కూడా ఇదే గొడవ ఉందని మరదలికి చెప్పడం మర్చిపోయాను. చినగంజాం కళ్ళుప్పును ఎండబెట్టి దంచుకుని కొలిచిన సోల వేరు, సన్నటి ప్యాకెట్ ఉప్పు సోల వేరు. మెత్తనిది సందు లేకుండా కూర్చుని ఎక్కువ బరువు తూగుతుంది. అమ్మ రాసిన సోలలన్నీ కళ్ళుప్పు సోలలు. అందుకని ఇప్పుడు ఆ పుస్తకం పక్కన పెన్సిలుతో గ్రాములు రాస్తున్నాను. పొడి మారినా తూకం తూకమే.

చెడిన మొదటి జాడీని పారేయనివ్వలేదు. అందులోకి ఇంకో నాలుగు కాయల ముక్కలు, వాటికి తగిన ఆవపిండి, ఉప్పు, నూనె, కారం బదులు అంతే కాశ్మీరీ పొడి వేసి కలపమన్నాను. మూడో రోజు ఫోటో పంపింది. మన రంగు రాలేదు గానీ అన్నంలోకి పనికొచ్చే రంగే. కింద ఒక ప్రశ్న: "వదినా, ఇక్కడ ఆవపిండి డబ్బాలో పసుపుపచ్చగా, పౌడరులా ఉంది. పర్లేదంటారా?"

పొడి కొనొద్దు, నల్ల ఆవాలు కొని ఎండలో పెట్టి మిక్సీలో ఆపి ఆపి తిప్పుకో, వేడెక్కితే చేదొస్తుంది అని రాశాను.